మా బడికి బావురుపిల్లే కావాలి

బడికి ఒక జంతువును గుర్తుగా పెట్టుకుంటే అది సింహమో పులో అయివుండాలని, అయిదో తరగతి లోపు పిల్లల బడికైతే అసలా ఊసే దండగని మన దగ్గర గట్టి నమ్మకం ఒకటి పాతుకుపోయింది. ఘంటసాల, చల్లపల్లి, మొవ్వ వైపు ఏ టీచరును కదిపినా, ఏ తల్లిదండ్రుల కమిటీలో కూర్చున్నా ఇదే వినిపిస్తుంది. మన బళ్లకు బావురుపిల్లిని గుర్తుగా పెట్టుకుందామని ఎవరైనా అంటే చాలు, "పిల్లి ఏమిటండీ, పిల్లలు నవ్వుకుంటారు" అంటారు. నవ్వుకునేది పిల్లలు కాదు, పెద్దలు. పెద్దల మొహమాటాన్ని పిల్లల నెత్తిన రుద్దడం మానాలి. ఘంటసాల మండలంలో ప్రాథమిక పాఠశాలలకు గుర్తంటూ ఉండాలి, అది బావురుపిల్లే కావాలి అన్నది నా వాదన. ఎదుటివారు చెప్పే కారణాల్లో కొన్నింటికి బలముంది. ఆ బలమున్న వాటికే ఎక్కువ జవాబు చెబుతాను.

ముందు సింహం సంగతి చూద్దాం. మా వైపు ఒక ప్రాథమిక పాఠశాల ప్రహరీ మీద, కుళాయిల పక్కన, సింహం బొమ్మ ఉంది. జూలుకు నారింజ రంగు వేశారు, కళ్లకు నీలం. వెనకాల ఆంధ్రదేశంలో ఎక్కడా కనపడని ఎండుగడ్డి మైదానం. సింహం పక్కన జిరాఫీ, దాని పక్కన జీబ్రా. పిల్లలు మధ్యాహ్న భోజనం చేసి ఆ బొమ్మ కిందే కంచాలు కడుక్కుంటారు, నీళ్లు చల్లుకుంటారు, ఒకరి చొక్కా ఒకరు లాగుతారు. ఒక్కరైనా తలెత్తి దాన్ని చూడటం నేను గమనించలేదు. ఎందుకు చూస్తారు? ఆ సింహం పెడన బడి గోడ మీదా ఉంటుంది, గుడివాడ బడి గోడ మీదా ఉంటుంది, ఆటో వెనకాల ఉంటుంది, నోటుబుక్కు అట్ట మీద ఉంటుంది. అడవిలో తిరిగే సింహం మన దేశంలో ఇవాళ గుజరాత్‌లోని గిర్ చుట్టుపక్కల తప్ప మరెక్కడా లేదు. అందరిదీ అయిన బొమ్మ ఏ బడిదీ కాదు. దాన్ని చూసి "ఇది మాది" అని పిల్లవాడు అనలేడు.

బడి మీద అభిమానం పుట్టేది ఆ "మాది" దగ్గరే. మంచి రంగులు, బెంచీలు, మరుగుదొడ్లు బడికి కావాలి. నాడు-నేడు పనుల్లో కొన్ని బళ్లకు అవి వచ్చాయి, అది మంచిదే. అయినా బల్లలు చూసుకుని ఎవరూ బడిని ప్రేమించరు. ప్రైవేటు బళ్లు ఈ లోటు పసిగట్టి ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు అని నాలుగు హౌసులు పెట్టాయి. ఊరు మారినా అవే నాలుగు రంగులు, అవే టీషర్టులు. అదీ అరువు సరుకే. సర్కారు బడికి ఆ మాత్రం కూడా లేదు. ఎంపీపీ స్కూలు, దాని వెనక ఒక పేట పేరు, అంతే.

అలాగని మన ఊళ్లలో బడి మీద మమకారం లేదనుకుంటే పొరపాటు. 2022లో జీవో 117 పేరుతో మూడు, నాలుగు, అయిదు తరగతులను ప్రాథమిక బళ్ల నుంచి తీసి హైస్కూళ్లలో కలిపినప్పుడు రాష్ట్రంలో ఎన్నో ఊళ్ల తల్లిదండ్రులు గేట్ల ముందు కూర్చున్నారు, కొన్నిచోట్ల తాళాలు వేశారు. పిల్లలు రోడ్డు దాటి అంతదూరం నడవాలన్న భయం ఒకటి. మా ఊరి బడి మాకు కాకుండా పోతోందన్న బాధ ఇంకొకటి. ఆ తరువాత ప్రభుత్వం మారింది, ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు. ఆ రెండో బాధకు మాత్రం ఇప్పటికీ ఒక రూపం లేదు, ఒక బొమ్మ లేదు, పిల్లవాడు వేలుపెట్టి చూపించే గుర్తు లేదు. ఉన్న మమకారానికి ఆనవాలు ఇమ్మంటున్నాను. కొత్తగా దేన్నీ అంటగట్టమనడం లేదు.

బావురుపిల్లి అంటే ఏమిటో చూడకుండానే చాలామంది వద్దంటున్నారు. నీటిపిల్లి అనీ, చేపల పిల్లి అనీ కూడా పిలిచే ఈ జంతువు ఇంటిపిల్లికి రెండింతలు ఉంటుంది. ముదిరిన మగది పదిహేను కిలోల దాకా తూగగలదు. బూడిద కలిసిన గోధుమరంగు ఒళ్లు, దాని మీద వరసలు తీరిన నల్లచుక్కలు, నుదుటి నుంచి మెడదాకా నల్లచారలు, చెవుల వెనక తెల్లమచ్చ. తోక కురచ, మందం. నీళ్లలో దాన్ని చుక్కానిలా వాడుకుంటుంది. వేళ్ల మధ్య కొంతమేర చర్మం కలిసి ఉంటుంది. బొచ్చు రెండు పొరలు. లోపలి పొర ఎంత ఒత్తుగా ఉంటుందంటే నీళ్లలో మునిగినా చర్మానికి తడి తగలదు. పిల్లులన్నీ నీళ్లంటే పారిపోతాయని మనం అనుకుంటాం కదా, ఇది నీళ్ల కోసమే పుట్టింది. రాత్రిపూట గట్టు అంచున కూర్చుంటుంది. కదలదు. నీటి మీద చిన్న అల కనిపిస్తే పంజాతో పైపైన తడుతుంది, పురుగు వాలిందనుకుని చేప పైకి వచ్చేలా. వచ్చిందంటే తలతో సహా దూకేస్తుంది. చేప దొరికితే గట్టెక్కి తింటుంది. దొరకకపోతే మళ్లీ అక్కడే కూర్చుంటుంది.

ప్రపంచం మొత్తం మీద దక్షిణాసియాలో, ఆగ్నేయాసియాలో మాత్రమే, అదీ తడినేలల్లోనే ఇది బతుకుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దీన్ని ముప్పున్న జంతువుల జాబితాలో పెట్టింది. మన చట్టంలో పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే, మొదటి షెడ్యూలు. పశ్చిమ బెంగాల్ దీన్ని రాష్ట్ర జంతువుగా పెట్టుకుంది. మన దగ్గర కోరింగలో ఉంది, ఇటు కృష్ణా అభయారణ్యంలో ఉంది. దివిసీమ చివర, ఏటిమొగల దగ్గర, దాదాపు 195 చదరపు కిలోమీటర్ల మడ అడవి అది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత మడచెట్టు విలువ ఏమిటో ఈ ప్రాంతానికి ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు. ఆ మడ అడవి ఇల్లుగా బతికే జంతువు మనకు పరాయిది ఎలా అవుతుంది?

"ఘంటసాలలో మడ అడవి లేదుగా" అంటారు. లేదు. కానీ ఈ పిల్లి మడ అడవికే అతుక్కుని ఉండేది కాదు. జమ్ము, తుంగ, రెల్లు పెరిగిన మురుగు కాలువలు, లంకలు, చేపల చెరువుల గట్లు దీనికి చాలు. నీరు, చేప, దాక్కోవడానికి పొద ఉంటే బతుకుతుంది. మన మండలం అంతా అదే కదా. కాలువ, డ్రెయిను, వరిచేను, చెరుకు, చెరువు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. సింహం గురించి మాట్లాడేటప్పుడు తరగతి గదిలో ఎవరికి ఎక్కువ తెలుస్తుంది? పుస్తకం బాగా చదివే పిల్లకు, ఇంట్లో టీవీలో జంతువుల ఛానళ్లు చూసే పిల్లవాడికి. బావురుపిల్లి గురించి మాట్లాడితే లెక్క మారుతుంది. మా డెల్టాలో యానాదులు తరతరాలుగా చేపలు, పీతలు పట్టి, చేలల్లో ఎలుకలు పట్టి బతుకుతున్నారు. ఎలుక బుట్ట ఏ గట్టు మీద ఏ వైపు తిప్పి పెట్టాలో, మావు ఏ బోదెలో పెట్టాలో, బురదలో పడిన అడుగు కుక్కదా నక్కదా పిల్లిదా అన్నది ఆ ఇళ్లలో పదేళ్ల పిల్లవాడికి తెలుసు. అదే పిల్లవాడు బడికి వచ్చి చివరి వరసలో కూర్చుంటాడు. హాజరు తక్కువ, చదువు వెనకబాటు అని వాడి పేరు చదువుతారు. వాడికి తెలిసినదాన్ని అడిగేవారు లేరు. బడి గుర్తు బావురుపిల్లి అయిన రోజున టీచరు వాడిని ముందుకు పిలిచి "దాని అడుగు ఎలా ఉంటుందో బోర్డు మీద గీయి" అని అడగక తప్పదు. మిగతా ముప్పైమంది వాడి చేతిని చూడక తప్పదు. ఈ పని సింహం చేయలేదు, పులి చేయలేదు, రంగురంగుల హౌసులు చేయలేవు. ఈ ఒక్క కారణం చాలు నాకు.

గట్టి అభ్యంతరం మరొకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. కృష్ణా డెల్టాలో వరిపొలాలు ఎన్నో చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయ్యాయి. అప్పు చేసి పిల్ల వదిలి, మేత పోసి, రాత్రిళ్లు గట్టు మీద కాపలా కాసే రైతుకు చేప ఎత్తుకుపోయే జంతువు ఏదైనా శత్రువే. "మా కడుపు కొట్టేదాన్ని మా పిల్లల చొక్కా మీద వేస్తారా" అని ఆయన అడిగితే కోపగించుకునే హక్కు నాకు లేదు. బావురుపిల్లి చెరువులో చేపను తింటుంది, ఒక్కోసారి కోడిపిల్లనూ ఎత్తుకుపోతుంది. నిజం. అయితే అది తినేది చేపనే కాదు. ఎలుకలను తింటుంది, పాములను తింటుంది, పీతలను తింటుంది. వరిచేలో ఎలుక చేసే నష్టం ఎంతో, ఎలుకలు పట్టేవాళ్లకు బుట్టకింతని ఎందుకు కూలి ఇస్తామో డెల్టా రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా గట్టు దగ్గర నష్టమంతా ఒక్క దీని మీదే వేస్తే కొంగలు, నీటికుక్కలు, రాత్రి వలవేసే మనుషుల వాటా ఎక్కడికి పోతుంది?

ఇంత చెప్పినా రైతుకు పూర్తి జవాబు రాలేదని తెలుసు. అందుకే అస్సాం సంగతి చెబుతాను. కామరూప్ జిల్లాలో దాదరా, పచారియా ఊళ్ల దగ్గర హర్గిలా అనే పెద్ద కొంగ చెట్ల మీద గూళ్లు కడుతుంది. బోడితల, వేలాడే గొంతుసంచి, కుళ్లు తినే అలవాటు. దాని రెట్ట, దాని తిండి ముక్కలు పెరట్లో పడి కంపు కొడతాయని, అపశకునమని జనం గూళ్లున్న చెట్లనే కొట్టేసేవారు. పూర్ణిమా దేవి బర్మన్ అనే పరిశోధకురాలు ఆ ఊళ్ల ఆడవాళ్లను కూడగట్టింది. గూటిలో పిల్లలు పుట్టే కాలంలో మన సీమంతంలాంటి వేడుకలు చేశారు, గమోసాల మీద, చీరల మీద ఆ పక్షి బొమ్మ నేశారు. ఇవాళ వాళ్లను హర్గిలా సైన్యం అంటారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2022లో బర్మన్‌కు తన అత్యున్నత పురస్కారం ఇచ్చింది. ఆ పక్షి అందగత్తె అయినందుకో, పెరట్లో కంపు పోయినందుకో ఆ మార్పు రాలేదు. దానికి ఇంటి గుర్తింపు దొరికింది. చెట్టు నరకడానికి గొడ్డలి ఎత్తిన చేతికి ఇంట్లో బట్ట మీద ఉన్న బొమ్మ గుర్తొచ్చింది. రేపు మన చెరువు గట్టు మీద ఉచ్చు పెట్టే చేతికి కూతురి బడి గుర్తు గుర్తొస్తే, ఆ చేయి ఒక్క క్షణం ఆగుతుంది. పైకి కట్టే వల, గట్టు మీద వెలిగే దీపం, చెరువు చుట్టూ కంచె లాంటి మాటలు మొదలవడానికి ఆ ఒక్క క్షణం కావాలి. అంతదూరం వద్దనుకుంటే శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చూడండి. చింతచెట్ల మీద వాలే కొంగలు, గూడబాతుల రాకను ఆ ఊరివాళ్లు శుభమనుకుంటారు, ఎవరినీ రాయి వేయనివ్వరు. జంతువు మంచిదా చెడ్డదా అన్నది తేల్చాక అభిమానం పుట్టదు. అభిమానం పుట్టాక దానితో ఎలా కలిసి బతకాలో మనుషులు వెతుక్కుంటారు.

ఇక శకునం మాట. పిల్లి ఎదురొస్తే ఆగే అలవాటు ఉంది, కథల్లోనూ పిల్లిది చెడ్డపాత్రే. చిన్నయసూరి నీతిచంద్రికలో ముసలిగద్ద జరద్గవాన్ని మాటలతో నమ్మించి పక్షిపిల్లలను తినేసిన దీర్ఘకర్ణం పిల్లే. ఒప్పుకుంటాను. కానీ ఈ అభ్యంతరాన్ని ఘంటసాలలో నిలబడి చెప్పడం నాకు బాధ కలిగిస్తుంది. టోలెమీ తన భూగోళంలో చెప్పిన రేవు ఈ ఊరేనంటారు. స్తూపం ఉన్న ఊరు, పురావస్తుశాఖ మ్యూజియం ఉన్న ఊరు. బౌద్ధం వెలిగిన చోట పిల్లలకు చెప్పిన కథలు జాతక కథలు. వాటిలో బోధిసత్వుడు రాజుగా, ఏనుగుగా, సింహంగా పుట్టినట్టే కుందేలుగా, పూరేడు పిట్టగా, ఉడుముగా, చేపగా కూడా పుట్టాడు. అతిథికి పెట్టడానికి ఇంకేమీ లేక తన ఒంటినే నిప్పుల్లో వేసుకున్నది కుందేలు. గొప్పతనానికి జూలు అక్కర్లేదని రెండువేల ఏళ్ల కిందటే ఈ నేల మీద నమ్మారు. స్తూపాల దగ్గర సింహాలూ చెక్కారు, కాదనను. సింహం ఒక్కటే చెక్కలేదు.

బడికి జంతువును గుర్తుగా పెట్టుకోవడం అమెరికా షోకు అనేవారూ ఉన్నారు, వాళ్లు మన చరిత్రే మరిచిపోతున్నారు. జెండాకు జంతువును కట్టడం మనకు ఎవరూ నేర్పలేదు. అర్జునుడి రథం మీద కోతి ఉంది. ఈ డెల్టాను ఏలిన విష్ణుకుండినుల గుర్తు సింహం, నిజమే. వాళ్ల తరువాత ఏడో శతాబ్దం నుంచి నాలుగు వందల ఏళ్లకు పైగా ఇక్కడ రాజ్యం చేసిన వేంగి చాళుక్యుల గుర్తు వరాహం. తామ్రశాసనాల ముద్రల మీద అదే. బురదలో పొర్లే అడవిపందిని రాజముద్ర మీద వేసుకోవడానికి చాళుక్య రాజులు సిగ్గుపడలేదు, బావురుపిల్లి బొమ్మకు మనం ఎందుకు సిగ్గుపడాలి? పోనీ, అమెరికాలో జరిగినది కూడా చూద్దాం. శాంటాక్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అధికారులు సముద్రసింహాన్ని గుర్తుగా పెట్టారు. విద్యార్థులు ఒప్పుకోలేదు. తమ తోటల్లో పాకే పసుపురంగు గుల్లలేని నత్తే తమ గుర్తన్నారు. 1986లో ఓటు వేసి మరీ నెగ్గించుకున్నారు, ఇప్పటికీ అదే. అక్కడ కూడా హుందాగా ఉండే జంతువు పెద్దల ఎంపిక, తమ నేల మీది జంతువు పిల్లల ఎంపిక. మన దేశంలో గువాహటి 2016లో నగర జంతువు కోసం ఓటింగ్ పెడితే నది డాల్ఫిన్, నల్ల తాబేలు, ఆ హర్గిలా కొంగ పోటీలో నిలిచాయి, డాల్ఫిన్ గెలిచింది. పులులున్న రాష్ట్రమైనా పోటీలో పులే లేదు.

"ముందు చదవడం, రాయడం" అన్నవారికి ఒకటే మాట. అయిదో తరగతి పిల్లవాడు "సింహం అడవికి రాజు" అన్న వాక్యాన్ని వందసార్లు రాసినా రాయడం రాదు. తనకు తెలిసిన జంతువు గురించి, తన నాయన చెప్పిన సంగతి గురించి అయిదు వాక్యాలు రాయమంటే కలం కదులుతుంది, తప్పులతోనైనా సరే. శనివారం నో బ్యాగ్ డే పెట్టుకున్నాం. ఆ పూట ఏం చేయించాలో తెలియక ఇబ్బందిపడే టీచర్లకు ఇంతకంటే మంచి పని దొరకదు. యాప్‌లలో ఫొటోలు ఎక్కించడంతోనే అలిసిపోయే టీచరు మీద ఇంకో బరువు పెడుతున్నారనే భయం ఉంటే, ఈ పనికి ఫొటోలు అక్కర్లేదని పై అధికారులు మొదటే చెప్పాలి.

కొన్ని మాత్రం జరగకూడదు. పెద్దకళ్ల కార్టూన్ పిల్లిని ఇంటర్నెట్‌లో వెతికి తెచ్చి గోడకు దించకూడదు. అది సింహం బొమ్మ కంటే హీనం. పిల్లలు దాన్ని చూడాలని రాత్రిళ్లు గట్ల మీద తిరగకూడదు, ఎక్కడైనా పొదలో దాని కూనలు దొరికితే ఎత్తుకు రాకూడదు, అటవీశాఖకు చెప్పాలి. మండలంలో అన్ని బళ్లకూ ఒకే నమూనా పంపకూడదు. ఏ బడి పిల్లలు ఆ బడి పిల్లిని గీయాలి, ఎవరి చేతి వంకర వారిదే ఉండాలి. నాగాయలంక వైపు బళ్లు తమ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలును ఎంచుకుంటామంటే నేను సంతోషిస్తాను. మరో ఊరు నీటికుక్కను కోరుకున్నా అంతే. బావురుపిల్లి మీద నాకున్న పంతం ఘంటసాల వరకే. ఇక్కడి పిల్లలు ఓటు వేసి ఇంకో జంతువును గెలిపిస్తే, అది ఈ నేల మీద తిరిగేదైతే, ఆ రోజు నా పంతం వదిలేస్తాను. పిల్లలను అడగకుండా పెద్దలు సింహాన్ని గెలిపిస్తే వదలను.

వచ్చే వేసవిలో బళ్లకు మళ్లీ సున్నాలు, రంగులు వేస్తారు. పెయింటర్ తన దగ్గరున్న బొమ్మల పుస్తకం తీసి హెడ్మాస్టరు ముందు పెడతాడు, అందులో మొదటి పేజీ సింహమే. తల్లిదండ్రుల కమిటీ సభ్యులు ఆ పుస్తకం మూయించాలి. ఒక గోడ ఖాళీగా వదలమని, బడి తెరిచాక పిల్లలే గీస్తారని, కింది అంచు మూడడుగుల ఎత్తులోనే ఉండాలని, లేకపోతే ఒకటో తరగతి వాళ్ల చేయి అందదని ఆయనకు చెప్పాలి.